ఇంటి పక్క ఇల్లు పబ్బు అవుతుంటే ఏం అడగాలి, ఎవరిని అడగాలి?

ఇరుగుపొరుగు: కాలనీల్లో వచ్చే చిక్కుల మీద పాఠకుల ప్రశ్నలకు, మునిసిపల్ ట్రేడ్ లైసెన్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరైన మా కాలమిస్టు జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది హబ్సిగూడలో ఒక లోపలి వీధి. ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడే ఉంటున్నాం. మా పక్క రెండంతస్తుల ఇంట్లో ఉండే పెద్దవాళ్లు ఇద్దరూ పోయారు. పిల్లలు అమెరికాలో ఉన్నారు, ఇల్లు లీజుకిచ్చేశారు. ఇప్పుడు లోపలి గోడలు కొట్టేశారు. డాబా మీద ఇనుప స్తంభాలు నిలబెట్టి రేకులు కప్పుతున్నారు. ముందున్న మామిడి చెట్టు సగం నరికారు. గేటుకు ‘త్వరలో గ్యాస్ట్రోపబ్’ అని నల్లటి ఫ్లెక్సీ కట్టారు. లీజుకు తీసుకున్న కుర్రాళ్లు ఇద్దరు స్వీటు డబ్బా పట్టుకుని వచ్చి, “ఆంటీ, ఇది బార్ కాదు. ఫ్యామిలీలు వచ్చి భోంచేసే చోటు. డ్రింక్స్ ఉంటాయి కానీ మెయిన్ ఫుడ్డే” అని చెప్పి వెళ్లారు. మర్యాదగానే మాట్లాడారు. కానీ మా అత్తగారికి ఎనభై ఆరేళ్లు, ఆవిడ పడుకునే గది కిటికీ సరిగ్గా ఆ డాబా వైపే ఉంది. వీధి చివర చిన్న స్కూలు, దాని పక్కనే ఆంజనేయస్వామి గుడి ఉన్నాయి. రోడ్డు 30 అడుగులే. రెండు వైపులా కార్లు పెడితే ఆటో దూరడం కూడా కష్టం. మా కాలనీ సెక్రటరీ గారు ‘ఇది మన సంస్కృతికి విరుద్ధం’ అని లెటర్ టైప్ చేయించి సంతకాలు సేకరిస్తున్నారు. మా అబ్బాయేమో “ఇంకా తెరవనే లేదు, అప్పుడే లొల్లి ఎందుకమ్మా” అంటున్నాడు. మేం అనవసరంగా అనుమానపడుతున్నామా? ఇప్పుడు చేయగలిగింది ఏమైనా ఉందా?
— ఒక గృహిణి, హబ్సిగూడ

జవాబు: అక్కా, మీ అనుమానం అనవసరమైంది కాదు. అడగాల్సింది కూడా ఇప్పుడే. ఒకసారి తెరిచి, పెట్టుబడంతా అందులో పడి, పది ఇరవై మంది పిల్లల జీతాలు దాని మీద ఆధారపడ్డాక మూయించడానికి ఏ ఆఫీసరూ అంత సులువుగా ముందుకు రాడు. గోడలు కడుతున్నప్పుడు మార్పు అడిగితే ఓనరుకు అయ్యే ఖర్చు తక్కువ. అందుకే ఒప్పుకునే అవకాశమూ ఎక్కువ. మీ అబ్బాయికి ఈ ఒక్క మాట చెప్పండి, అర్థం చేసుకుంటాడు.

ఆ కుర్రాళ్లు చెప్పిన “మెయిన్ ఫుడ్డే” అన్న మాటను కాస్త నిదానంగా చూద్దాం. ఈ గ్యాస్ట్రోపబ్ అనే పద్ధతి 1991లో లండన్‌లో మొదలైంది. క్లర్కెన్‌వెల్ అనే పేటలో ‘ది ఈగిల్’ అనే పబ్బును ఇద్దరు భాగస్వాములు తీసుకుని, అందులోనే వంట పెట్టి, మంచి భోజనం వడ్డించారు. అక్కడ పబ్బు ముందునుంచీ ఉన్నదే, ఆ వీధి దానికి అలవాటు పడినదే. కొత్తగా వచ్చింది భోజనం. మీ వీధిలో జరుగుతున్నది దీనికి పూర్తిగా తలకిందులు. నిన్నటిదాకా ఒక కాపురం ఉన్న ఇంట్లోకి బారూ హోటలూ రెండూ ఒకేసారి దిగుతున్నాయి. కాబట్టి భోజనం ముఖ్యమన్నంత మాత్రాన మీకు ఊరట దొరకదు. భోజనం ఎంత ముఖ్యమైతే వంటిల్లు అంత పెద్దదవుతుంది. పొగ గొట్టం, గ్యాస్ సిలిండర్లు, నూనె, నీళ్ల ట్యాంకర్లు, చెత్త అన్నీ దాంతోపాటు పెరుగుతాయి.

ఇంగ్లండులో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. అక్కడి 2003 లైసెన్సింగ్ చట్టం కింద కొత్తగా మద్యం లైసెన్సుకు దరఖాస్తు పెట్టేవాళ్లు ఆ భవనం బయట లేత నీలం రంగు నోటీసు 28 రోజుల పాటు అంటించి ఉంచాలి. ఆ గడువులో చుట్టుపక్కల వాళ్లు తమ అభ్యంతరాలను కౌన్సిల్‌కు రాసి ఇవ్వొచ్చు. మీకు కనిపించింది ఫ్లెక్సీ ఒక్కటే అని రాశారు. అలాంటి నోటీసు ద్వారా తెలియాల్సిన విషయాలను మీరే ఆఫీసులకు వెళ్లి అడిగి తెలుసుకోవాలి.

నేను సర్వీసులో ఉన్నన్నాళ్లూ కాలనీల నుంచి వచ్చే అర్జీలు చూశాను. ‘మాకు చాలా ఇబ్బందిగా ఉంది, తగు చర్యలు తీసుకోగలరు’ అని రాసి, కింద నాలుగు పేజీల సంతకాలు పెట్టినవి ఫైల్లో అలాగే ఉండిపోయేవి. ఒకే పేజీలో ప్లాట్ నంబరు, తేదీ, ఫొటో, ఏ నిబంధన తప్పారో ఒక్క వాక్యం ఉన్న అర్జీ వస్తే ఇన్‌స్పెక్టర్ కదలక తప్పేది కాదు. కింది వాళ్లు అలాంటి కాగితాన్ని పక్కన పెడితే, రేపు పైవాళ్లు వివరణ అడుగుతారు. మీ సెక్రటరీ గారి లెటరు ఈ రెండో రకంగా ఉండాలి.

మీరు వెళ్లాల్సిన ఆఫీసుల్లో మొదటిది ఎక్సైజ్. బయట బోర్డు మీద గ్యాస్ట్రోపబ్ అని ఉన్నా, కెఫే అని ఉన్నా, అక్కడే కూర్చోబెట్టి మందు పోయాలంటే ఎక్సైజ్ శాఖ ఇచ్చే బార్ లైసెన్స్ కావాలి. ఆ శాఖ వాళ్లు, వ్యాపారులు దాన్ని 2బీ అంటారు. ఆ ప్లాట్ నంబరు మీద దరఖాస్తు వచ్చిందా, వస్తే స్థలం చూసి ఇచ్చిన రిపోర్టు ఏమిటి, దూరాలు ఎలా కొలిచారు, జతచేసిన ప్లాను ఏది అని 2005 సమాచార హక్కు చట్టం కింద ఎక్సైజ్ సూపరింటెండెంట్ ఆఫీసుకు దరఖాస్తు పెట్టండి. ఫీజు 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అప్పటిదాకా ఆగకుండా, స్కూలు, గుడి ఉన్న సంగతి రాసి విడిగా ఒక అభ్యంతర పత్రం కూడా ఇవ్వండి. ఏ ఆఫీసులో ఇచ్చినా రెండో కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోకుండా బయటికి రావద్దు.

గుడికి, బడికి, ఆసుపత్రికి 100 మీటర్ల లోపు బారు ఉండకూడదన్నది చాలామందికి తెలుసు. ఆ 100 మీటర్లు ఎక్కణ్ణుంచి ఎక్కడికి అన్న దగ్గరే తగాదా వస్తుంది. మ్యాపు మీద గీసిన సరళ రేఖను లెక్కలోకి తీసుకోరు. బారు ప్రవేశ ద్వారం మధ్య నుంచి, మనిషి మామూలుగా నడిచి వెళ్లే దగ్గరి దారి వెంబడి, స్కూలు గేటు మధ్య వరకు కొలుస్తారు. అందుకే కొన్నిచోట్ల ముందు గేటు మూసి పక్క సందులోకి కొత్త గేటు తెరుస్తారు. మీ పక్కింటి ఫ్లెక్సీ ఏ గేటుకు కట్టారో చూడండి, రెండో గేటు పెడుతున్నారేమో కూడా చూడండి. టేపు తీసుకుని మీరే కొలవండి, కొలిచేటప్పుడు వీడియో తీయండి. ఎదుటివాళ్లు మొదట లేవదీసే వాదన కూడా చెబుతాను: ఆ స్కూలుకు ప్రభుత్వ గుర్తింపు ఉందా, ఆ గుడి దేవాదాయ శాఖలో నమోదైందా అని అడుగుతారు. స్కూలు వాళ్ల దగ్గర గుర్తింపు పత్రం జిరాక్సు, గుడి కమిటీ దగ్గర రిజిస్ట్రేషన్ కాగితం ఇప్పుడే తీసుకుని పెట్టుకోండి. గుడి నమోదు కాకపోయి ఉంటే బాధపడకండి, స్కూలు మీద నిలబడండి.

హైవే పక్కన 500 మీటర్ల లోపు మందు అమ్మకూడదని సుప్రీంకోర్టు తీర్పు ఉంది కదా అని ఎవరైనా అంటే ఆ వాదన జోలికి వెళ్లొద్దు. 2016 డిసెంబరులో ఆ తీర్పు వచ్చిన మాట నిజమే. పట్టణాల్లో మునిసిపల్ పరిధిలోని లైసెన్సులకు అది అడ్డు కాదని 2017లో కోర్టే స్పష్టం చేసింది. అర్జీలో ఒక్క బలహీనమైన పాయింటు ఉన్నా, అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు.

రెండోది మునిసిపాలిటీ. ఆ ఇంటికి ఎప్పుడో ఇచ్చిన పర్మిషన్ నివాసానికే అయి ఉంటుంది. ఇప్పుడు వాడుక మారుతోంది. మంజూరైన ప్లాను కాపీ అడగండి. అందులో లేని అంతస్తును ఇనుప స్తంభాలతో, రేకులతో డాబా మీద లేపుతుంటే అది టౌన్ ప్లానింగ్ వాళ్లు చూడాల్సిన విషయం. పక్కన వదలాల్సిన ఖాళీ, పార్కింగ్ ఎంత ఉండాలన్నవి 2012 నాటి భవన నిర్మాణ నిబంధనల జీవో 168లో ఉన్నాయి. రెండు ఇళ్ల మధ్య ఆ ఖాళీ గాలి కోసం, వెలుతురు కోసం, నిప్పంటుకుంటే మనుషులు తప్పుకోవడం కోసం. హోటళ్లు వచ్చినచోట చాలాసార్లు జనరేటరు, సిలిండర్ల వరుస, గిన్నెలు కడిగే తొట్టి అన్నీ అక్కడికే చేరతాయి. అంటే మీ అత్తగారి కిటికీ కిందికి. కాంపౌండ్ వాల్ మీంచి ఇప్పుడే రోజూ ఒక ఫొటో తీసిపెట్టుకోండి. మామిడి చెట్టు సంగతి కూడా వదలొద్దు. నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి. మిగిలిన సగం నిలబడాలంటే అటవీ శాఖకు ఈ వారమే ఫిర్యాదు వెళ్లాలి. ఆ చెట్టు మీ కిటికీకీ ఆ డాబాకూ మధ్య ఉన్న తెర. అది పోతే మళ్లీ పెరిగి అంత కావడానికి మీ అత్తగారికి అన్నేళ్లు లేవు.

ఇక చప్పుడు. శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు. ఆ వేళల్లో మూసి ఉన్న గదుల్లో తప్ప స్పీకర్లు పెట్టకూడదు. రేకులు కప్పినా నాలుగు వైపులా తెరిచి ఉన్న డాబాను మూసిన గది అనలేం. 2022 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు రాత్రి 10 తర్వాత పబ్బుల్లో మ్యూజిక్ వద్దని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ కేసు వేసింది జూబ్లీహిల్స్‌లో నిద్రలేక విసిగిపోయిన వాళ్లే. అక్కడ అప్పటికే పబ్బులు నడుస్తున్నాయి. మీకింకా ఆ దశ రాలేదు.

అయితే పబ్బు పక్కన ఉన్నవాళ్లను అడిగి చూడండి, మ్యూజిక్ కన్నా ఎక్కువగా ఏడిపించేది మ్యూజిక్ ఆగాక వచ్చే గంట అంటారు. సిటీలో బార్లకు మామూలు రోజుల్లో రాత్రి 12 వరకు, శుక్ర శనివారాల్లో 1 వరకు టైముంది. ఆ తర్వాత జనం బయటికి వస్తారు. గేటు ముందు నిలబడి వీడ్కోళ్లు చెప్పుకుంటారు, ఒకరు క్యాబ్ డ్రైవరుకు ఫోన్లో దారి చెబుతుంటారు, కార్లు పార్కు చేసే వ్యాలే కుర్రాడు కారు నంబరు గట్టిగా అరుస్తాడు, రివర్సు గేరులో కార్లు కూస్తాయి. అందరూ వెళ్లాక కుర్చీలు ఈడ్చి నేల కడుగుతారు. చివరికి రోజంతా పోగైన ఖాళీ సీసాలను డ్రమ్ములోంచి గోతాల్లోకి బోర్లిస్తారు. ఆ గాజు చప్పుడుకు ఎనభై ఆరేళ్ల మనిషి ఉలిక్కిపడి లేస్తే మళ్లీ తెల్లారేదాకా నిద్ర పట్టదు. దీన్ని ఏ డెసిబెల్ మీటరూ సరిగ్గా పట్టుకోలేదు. ముందే మాట్లాడి రాయించుకోవాల్సింది ఇలాంటివే.

వంటింటి పొగ గొట్టం గురించి కాలనీ వాళ్లు ఎప్పుడూ ఆలస్యంగా మేల్కొంటారు. గొట్టం మూతి పక్కింటి వైపు తిప్పి ఉంటే మొదట వాసనే తెలుస్తుంది. తర్వాత కిటికీ దోమతెర జిగురుగా అవుతుంది. తడిగుడ్డతో తుడిస్తే పసుపు నలుపు కలిసిన జిడ్డు వస్తుంది, సబ్బు పెట్టినా పోదు. ఆరేసిన బట్టలకు వేపుడు వాసన పడుతుంది. గొట్టం ఇంకా బిగించలేదంటే మీ అదృష్టమే. డాబా కన్నా ఎత్తుకు లేపి, మూతి రోడ్డు వైపు పెట్టమని ఇప్పుడు అడిగితే వాళ్లకు రేకు పని చేసేవాడి ఒక రోజు కూలి. అలాగే వంటింటి నీళ్లు వీధి డ్రైనేజీలో కలిసే ముందు నూనె ఆపే తొట్టి కట్టమని అడగండి. ఇళ్ల కోసం వేసిన ఆ పాత సన్నని పైపులో వేపుడు నూనె చల్లారి గడ్డకడితే, మురుగు ఎదురుతన్నేది పల్లంలో ఉన్న ఇంటి బాత్రూంలోకి.

సెక్రటరీ గారి లెటరులో ‘సంస్కృతి’ అన్న పేరా తీసేయించండి. ఇది నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను. మన దగ్గర బోనాలకు అమ్మవారికి కల్లు సాక పోస్తాం. పెళ్లికీ చావుకీ కల్లు ఉన్న ఇళ్లు తెలంగాణలో లక్షల్లో ఉన్నాయి. మందు మన సంస్కృతి కాదంటే అధికారి మనసులోనే ఒప్పుకోడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్టు మూయించినప్పుడు వాళ్లు మాట్లాడింది తమ ఇంటి సంగతి. కూలి డబ్బు ఎటు పోతోందో, రాత్రి ఇంట్లో ఏం జరుగుతోందో చెప్పారు. ఆ మాటలకు ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది. 1993 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. మీరు కూడా మీ ఇంటి సంగతే రాయండి. అత్తగారి గది, కిటికీ నుంచి డాబాకు ఎన్ని అడుగులు, స్కూలు వదిలే టైములో ట్యాంకర్ వస్తే పిల్లలు ఎటు నడవాలి, రాత్రి అంబులెన్సు రావాల్సి వస్తే ఆ 30 అడుగుల రోడ్డులో ఎలా వస్తుంది.

ఇవన్నీ చేస్తూనే ఆ కుర్రాళ్లను మీ వరండాలో కూర్చోబెట్టి టీ ఇచ్చి మాట్లాడండి. వాళ్లు స్వీటు డబ్బాతో వచ్చారంటే ఇరుగుపొరుగుతో బాగుండాలన్న ఆలోచన ఉన్నట్టే. దూరం నిబంధన దాటలేకపోతే వాళ్లు పెట్టిన డబ్బంతా పోతుంది. ఆ సంగతి ఇప్పుడే తెలియడం వాళ్లకూ మంచిదే. లైసెన్స్ వచ్చే అవకాశం ఉందనుకుంటే షరతులు కాగితం మీద పెట్టి సంతకం అడగండి. డాబా మీద స్పీకర్లు ఉండవు, రాత్రి 10కి డాబా ఖాళీ అవుతుంది. సీసాలు ఉదయం 7 తర్వాతే తీస్తారు. కార్లు వీధిలో కాకుండా మెయిన్ రోడ్డు మీద అద్దెకు తీసుకున్న స్థలంలో పెడతారు. అర్ధరాత్రి ఫోను చేస్తే ఎత్తే మేనేజరు నంబరు ఇస్తారు. హుక్కా పెట్టరు, అది ఎలాగూ 2024 ఫిబ్రవరిలో రాష్ట్రం నిషేధించినదే. వంద మంది ఒకేచోట చేరే స్థలాలకు 2013 ప్రజా భద్రత చట్టం కింద సీసీ కెమెరాలు తప్పనిసరి. వాటిలో ఒకటి వీధిని చూసేలా పెట్టమనండి, కానీ మీ ఇంటి గుమ్మం వైపు తిప్పకూడదని కూడా రాయండి.

ఈ ఒప్పందానికి కోర్టు డిక్రీ అంత బలం ఉండదు. కానీ రేపు తప్పితే పోలీసులకూ ఎక్సైజ్‌కూ మునిసిపాలిటీకీ ఇచ్చే ప్రతి ఫిర్యాదుకూ ఆ కాగితం జతవుతుంది. లైసెన్సు రెన్యువల్ వచ్చిన ప్రతిసారీ ఆ సంతకం వాళ్లకు గుర్తుకొస్తుంది. సంతకం పెట్టనంటే మాత్రం మీ అనుమానం నిజమనే అనుకోండి. ఇక మొహమాటం వద్దు, కాలనీ సంఘం తరఫున లాయరును కలవండి.

ప్రశ్న: మేడమ్, నా వయసు ఇరవై ఏడు. కొండాపూర్‌లో ముగ్గురం ఫ్లాటు కిరాయికి తీసుకుని ఉంటున్నాం. మా కాలనీ పక్కన బ్రూవరీ లాంటిది వస్తోందని తెలిసి అంకుల్స్ అందరూ మీటింగులు పెడుతున్నారు. మమ్మల్ని మాత్రం పిలవరు. మేం రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి వస్తాం. ఫ్రెండ్స్‌తో కూర్చుని తిని తాగడానికి ఎక్కడెక్కడికో బండి మీద వెళ్తున్నాం. నడిచి వెళ్లి నడిచి వచ్చే చోట ఒకటి ఉంటే తప్పేంటి? పెద్దవాళ్లకు ప్రతిదీ అనుమానమే.
— ఒక కిరాయిదారు, కొండాపూర్

జవాబు: బాబూ, తప్పేం లేదు. తాగి బండి నడపడం కన్నా నడిచి ఇంటికి రావడం అందరికీ మేలు. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద కేసే. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. జరిమానా మాట అటుంచు, రోడ్డు మీద పోయే ప్రాణాల గురించే నా బాధ. ఈ మాట మీ కాలనీ మీటింగులో చెప్పాల్సింది నువ్వే. పిలవకపోయినా వెళ్లు. కిరాయిదార్లు కూడా మెయింటెనెన్స్ కడుతున్నారు, ఆ వీధిలోనే పడుకుంటున్నారు. మీ మాట వినకుండా ‘కాలనీ అంతా వ్యతిరేకం’ అని రాస్తే అది నిజం కాదు.

కాకపోతే ఒక్కటి చూడు. ఆ స్థలం మెయిన్ రోడ్డు మీద, చుట్టూ దుకాణాలు, ఆఫీసులు ఉన్న చోట ఉంటే నీతోపాటు నేనూ మీ అంకుల్స్‌ని ఒప్పిస్తాను. ఇళ్ల మధ్య, పడగ్గదుల పక్కన ఉంటే ఒప్పించలేను. అక్కడికి వచ్చేవాళ్లంతా నీలా నడిచి వచ్చి నడిచి వెళ్లేవాళ్లు కారు. పేరు బయటికి వచ్చాక గచ్చిబౌలి నుంచీ మియాపూర్ నుంచీ కార్లలో వస్తారు. పైగా నీ ఫ్లాటుకు లీజు పదకొండు నెలలు. ఆ పక్కింట్లో ఉన్నవాళ్లు జీవితమంతా అప్పు కట్టి ఇల్లు కొనుక్కున్నారు. వాళ్ల అనుమానాన్ని ముసలితనం అనుకోకు. ముందు సైటుకు వెళ్లి, ఎవరి కిటికీలు ఎటు ఉన్నాయో చూసి, ఆ తర్వాత మీటింగుకు వెళ్లు.

ప్రశ్న: అక్కా, మాది వరంగల్ దగ్గర పల్లె. నాచారంలో చిన్న హోటల్ నడుపుతున్నా. బోటీ, తలకాయ కూర, నాటుకోడి, సర్వపిండి మా దగ్గర బాగా పోతాయి. ఇంకో ఇద్దరితో కలిసి ఇవే వంటలతో గ్యాస్ట్రోపబ్ పెడదామని చూస్తున్నా. స్థలం చూడటానికి వెళ్తేనే కాలనీ వాళ్లు గేటు దగ్గర నిలబడి “ఇక్కడ వద్దు” అంటున్నారు. నేనింకా ఏ తప్పూ చేయలేదు కదా?
— ఒక హోటల్ యజమాని, నాచారం

జవాబు: చేయలేదు తమ్ముడూ. వాళ్లు భయపడేది నిన్ను చూసి కాదు, ఇంతకుముందు వేరేచోట్ల చూసినదాన్ని బట్టి. సర్వపిండి, బోటీ వేడివేడిగా పెట్టి పక్కన చల్లటి బీరు ఇచ్చే చోటు ఈ సిటీలో ఉండాలనే నేనూ కోరుకుంటాను. పెద్ద హోటళ్లు వందల రూపాయలు పెట్టి అమ్మే వంటలు మన పల్లెలవే, వాటిని చేయడం తెలిసిన నువ్వు పెడితేనే న్యాయం.

అందుకే ఇల్లు లీజుకు తీసుకోవద్దు. కిరాయి తక్కువ, చెట్టు ఉంది, వరండా బాగుందని చాలామంది పాత ఇళ్ల మీద మోజు పడతారు, కానీ ఆ తర్వాత కొట్లాట తప్పదు. కమర్షియల్ బిల్డింగులో, సొంత పార్కింగు ఉన్న స్థలం చూసుకో, కిరాయి ఎక్కువైనా సరే. అడ్వాన్సు ఇచ్చే ముందే దగ్గర్లోని స్కూలు గేటు దాకా టేపు పెట్టి కొలుచుకో. యజమాని దగ్గర మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కాపీలు తీసుకో. అవి చూపించని బిల్డింగు వదిలెయ్. బార్ లైసెన్స్ రాకపోతే అడ్వాన్సు వెనక్కి ఇవ్వాలని లీజు కాగితంలోనే రాయించు. నీలాంటి చిన్నవాళ్లు ఎక్కువగా మునిగేది అక్కడే.

తర్వాత ఆ ఫైలు పట్టుకుని నువ్వే కాలనీ సంఘం దగ్గరికి వెళ్లు. పొగ గొట్టం ఎటు తిప్పుతున్నావో, సీసాలు ఎప్పుడు తీస్తావో, 21 ఏళ్ల లోపు వాళ్లకు మందు పోయకుండా గుర్తింపు కార్డు ఎవరు చూస్తారో వాళ్లు అడగకముందే చెప్పు. రాత్రి ఒంటిగంటకు నీ వంటవాళ్లు, సర్వ్ చేసే పిల్లలు ఇంటికి ఎలా వెళ్తారో కూడా ఆలోచించి పెట్టుకో. బండి ఏర్పాటు లేకపోతే వాళ్లు తెల్లారేదాకా ఆ వీధి అరుగుల మీదే కూర్చుంటారు, కాలనీ వాళ్లు వాళ్లనే అనుమానిస్తారు. ఇప్పుడు గేటు దగ్గర నిలబడి వద్దన్నవాళ్లలో ఇద్దరు ముగ్గురిని నాచారం హోటలుకు పిలిచి భోజనం పెట్టు, వెనక వంటిల్లు కూడా తీసుకెళ్లి చూపించు. అది శుభ్రంగా ఉంటేనే పిలువు.